మూడో అంతస్తు వాళ్ల లాండ్రీ వంతు

టిండ్రా పోలీసు ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది తిరగలేదు గానీ, స్టేషన్లో ఆమె గోల వినని వాళ్లు లేరు. తనకి సరిహద్దు విభాగంలోకి వెళ్లాలని ఉంది. కాగితాల్లేని మనుషుల్ని దేశంలోకి ఎవరు తెస్తున్నారు, ఎక్కడ దాస్తున్నారు, ఎవరి దగ్గర గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు, అదంతా లాగి బయటపెట్టాలని ఉంది. పైవాళ్లేమో ఆమెని వెస్తెరోస్ ఊళ్లో ఓ పేటకి బీటు పోలీసుగా పడేశారు. పోయిన సైకిళ్లు, గోడలకి రంగులు పూసే కుర్రాళ్లు, పక్కింటి కుక్క అరుస్తోందని ఫోన్లు.

ఆ ఫిబ్రవరి మంగళవారం పొద్దున వచ్చిన ఫోను వీటన్నిటికీ తాత. ఓ అపార్ట్‌మెంట్ సంఘంలో లాండ్రీ గది బాధ్యతలు చూసే గున్వోర్ అనే పెద్దావిడ, తమ బిల్డింగులో దొంగతనాలు జరుగుతున్నాయని ఫిర్యాదు చేసింది. పోయినవి బట్టలు కూడా కాదట, బట్టలుతుక్కునే వంతులట.

టిండ్రా జోడీ రోలాండ్ ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. ఆ రోజు ఏడాదికోసారి వచ్చే క్రీము బన్నుల మంగళవారం. ఆయన ముందు అట్టపెట్టెలో బాదం ముద్ద కూరి, పైన మీగడ పోసిన సెమ్లా బన్ను ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. పాతికేళ్ల సర్వీసులో ఆయన ఈ మంగళవారం ఒక్కసారి కూడా కాఫీ వేళ వదులుకోలేదు.

“వెళ్లు వెళ్లు. నీ సరిహద్దు లాండ్రీ గది గుమ్మం దాకా నడిచొచ్చింది. నేను దీని సంగతి చూసి వస్తా” అన్నాడు.

టిండ్రా ఆ పెట్టెని చంకన పెట్టుకుని కారు వైపు నడిచింది. ఇక రోలాండ్ రాక చస్తాడా.

లాండ్రీ గది సెల్లార్‌లో ఉంది. నేల మట్టానికి ఓ సన్నటి అద్దం కిటికీ, అందులోంచి చూస్తే మంచు, నడిచే కాళ్లు, కార్ల చక్రాలు, అంతే. గోడకి ఓ చెక్క బోర్డు. అందులో నెలలో ప్రతి రోజుకీ, ప్రతి పూటకీ ఓ కన్నం. ఒక్కో ఫ్లాటుకీ వేలెడంత తాళం ముక్క ఉంటుంది. దాన్ని ఏ కన్నంలో బిగిస్తే ఆ పూట వాళ్లది. ఇంకొకరి పూటలో మిషన్ వేయడమంటే పక్కింటికి వెళ్లి వాళ్ల మంచమెక్కి పడుకున్నట్టే. టిండ్రా పెరిగింది కూడా ఇలాంటి బిల్డింగులోనే. చిన్నప్పుడు వాళ్లమ్మ పావుగంట ఎక్కువ వాడుకుందని ఎదురింటావిడ పదేళ్లు పలకరింపు మానేసింది. అంతకుముందు కూడా పెద్దగా పలకరించింది లేదనుకోండి.

గున్వోర్ సన్నగా, నిటారుగా, రిటైరైన లెక్కల టీచర్లు ఉండేట్టే ఉంది. దొంగ ఎవరో ఆమెకి ముందే తెలుసు. మూడో అంతస్తులో ఎవెర్ట్ అనే ముసలాయన ఫ్లాటుంది. ఆయన్ని వృద్ధాశ్రమంలో చేర్చాక దాన్ని హెడ్‌లుండ్ అనే బిల్డింగు కాంట్రాక్టరు అద్దెకి తీసుకున్నాడు. మర్యాదస్తుడు, మెట్ల మీద కనిపిస్తే తలూపుతాడు. ఆ ఫ్లాటు నించి ఓ ఆడమనిషి దిగి వస్తోందట. మొదట ఒకటో అంతస్తు లెన్నార్ట్ గారి పూట కాజేసింది. తర్వాత గున్వోర్‌ది. తర్వాత రెండో అంతస్తులో కవలపిల్లల తల్లిది. ఒక్కరినీ వదల్లేదు.

“పైగా సిగ్గు కూడా లేదు. బట్టలు తిరుగుతున్నంత సేపూ ఆ స్టూలు మీద కూచుని గుమ్మంకేసే చూస్తుంటుంది. నేను తలుపు అద్దంలోంచి చూశా. నన్ను చూసి లేచి నిలబడింది” అంది గున్వోర్.

“మరి లోపలికెళ్లి అడగలేదా?” అంది టిండ్రా.

“మొహం మీదా?” గున్వోర్ నిజంగానే అదిరిపడింది. “ముక్కూ మొహం తెలీని మనిషిని ఏమని అడుగుతాం? నేను మెల్లగా వెనక్కెళ్లిపోయా. అందరం అదే చేశాం. సంఘానికి చెప్పాం.”

గోడ మీద మాత్రం ఎవరి పూటలు వాళ్లు వాడుకోండి బాబూ అని రకరకాల చేతిరాతల్లో మొత్తుకునే కాగితాలు అతికించి ఉన్నాయి. రోలాండ్ వాటిని సినిమా పోస్టర్లు చూసినట్టు చూస్తూ, మీసానికి అంటిన మీగడ తుడుచుకుంటున్నాడు.

టిండ్రా మనసు ఒక విషయం దగ్గర ఆగింది. ఆ ఆడమనిషి గున్వోర్ పూట కాజేసిన రోజు, తీగ మీద మర్చిపోయిన గున్వోర్ దుప్పట్లని చదును చేసే మిషన్లో వేసి, అంచుకి అంచు కలిపి, బల్ల మీద పెట్టి వెళ్లిందట. ఇంత పద్ధతి తెలిసిన మనిషికి వంతుల బోర్డు అర్థం కాదా? అర్థమయ్యే చేస్తోందా? ఆరబెట్టే మిషన్ దగ్గరికెళ్లి కిందనున్న జల్లెడ లాగింది. ఆ జల్లెడ ఎవరి పూట అయ్యాక వాళ్లు శుభ్రం చేయాలి, అది ఇక్కడ దేవుడి ఆజ్ఞ లాంటిది. మామూలుగా అందులో బూడిదరంగు నూగు ఉంటుంది. ఇప్పుడున్నది తెల్లగా ఉంది. వేళ్లతో నలిపితే పిండిలా రాలింది.

“జిప్సం” అంది టిండ్రా. “గోడ బోర్డులు కోస్తే లేచే దుమ్ము. రోలాండ్, ఇది చూడు.”

ఆమె గొంతు అప్పుడే ఒక మెట్టెక్కింది. ఏమేం బట్టలు ఉతికేదని అడిగింది. అన్నీ మగవాళ్ల ప్యాంట్లేనని చెప్పింది గున్వోర్. మోకాళ్ల దగ్గర మెత్త పెట్టుకునే జేబులున్న పనివాళ్ల ప్యాంట్లు. తీగ ఈ చివర నించి ఆ చివరికి నిండిపోయేవి. ఆ ఫ్లాటులో ఉన్నది ఒక గదీ, ఒక వంటిల్లూ. ఈమధ్య చివరిసారి మాత్రం ప్యాంట్లు లేవు, తువ్వాళ్లే. వాటి నిండా రక్తం మరకలు. ఒకే తువ్వాలుని మళ్లీ మళ్లీ ఉతికింది.

“ముక్కులోంచి రక్తం కారే జబ్బేమో అనుకున్నా” అంది గున్వోర్, ఈసారి కొంచెం మెల్లగా.

“తర్వాత?”

తర్వాతేముంది, సంఘం తీర్మానం చేసింది. లాండ్రీ తలుపు తెరిచే ఎలక్ట్రానిక్ తాళం బిళ్ల ప్రతి ఫ్లాటుకీ ఒకటుంటుంది, మూడో అంతస్తు వాళ్లదాన్ని గున్వోరే స్వయంగా పని చేయకుండా చేసేసింది. ఆ ఆడమనిషి మళ్లీ వచ్చింది. బిళ్ల ఆనించింది. ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ ఆనించింది, మళ్లీ ఎరుపు. చాలాసేపు తలుపుకి చెయ్యి ఆనించి నిలబడి వెళ్లిపోయింది.

“ఆ ఎర్ర లైటు చూస్తే నాకు, నిజం చెప్తున్నా, సంతోషమేసింది” అంది గున్వోర్.

టిండ్రాకి అప్పుడు వెలిగింది. ఆ ఆడమనిషి వంతులు దొంగిలించడం లేదు, హెడ్‌లుండ్ పైన కుక్కి పెట్టిన పనివాళ్ల కోసం సాయం వెతుకుతోంది. ఈ బిల్డింగులో మనిషి మనిషితో మాట్లాడడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే అవి దాటిపోయేదాకా తలుపు వెనకే ఆగే జనం. వీళ్లకి కోపం తెప్పించగలిగింది ఒక్కటే, తమ పూట పోవడం. గోడ నిండా దాని గురించే అరుపులు. ఆమె వరసగా ఒక్కొక్కరి పూటా కాజేసి, స్టూలు మీద కూచుని, ఎవరో ఒకరు తిట్టడానికి వస్తారని గుమ్మం వైపు చూస్తూ గడిపింది. వీళ్లేమో మర్యాదగా వెనక్కెళ్లి, ఆమెకున్న ఆ ఒక్క తలుపూ మూసేశారు.

ఇదంతా టిండ్రా గడగడా చెప్పేసింది. గున్వోర్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

రోలాండ్ బన్ను పెట్టె మూసేశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది గానీ, పాతికేళ్ల సర్వీసు మాత్రం ఎక్కడికీ పోలేదు. పైకెళ్లి తలుపు తోసుకుని పోవడానికి మనకి హక్కేముంది అన్నాడు. తెల్ల దుమ్ము నేరం కాదు. మనిషి వేరే దేశం మనిషిలా ఉన్నంత మాత్రాన కాగితాలు చూపించమని అడగడానికి లేదు. అది నేర్పించే కదా మనల్ని బయటికి పంపారు. ప్రాసిక్యూటర్‌ని అడగాలి, ఆయన ఆలోచించాలి, సాయంత్రం దాకా పడుతుంది.

“లోపల ప్రాణం మీదికొచ్చిన మనిషున్నాడని ఎవరైనా చెప్తే?” అంది టిండ్రా.

“అప్పుడు వేరు. అప్పుడు తలుపు పగలగొట్టినా ఎవరూ అడగరు. కానీ ఎవరు చెప్తారు? ఈవిడ చూసింది తువ్వాళ్లని.”

సరిగ్గా అప్పుడే కిటికీలో వెలుతురు తగ్గింది. తెల్ల వ్యాను ఒకటి వెనక్కి వచ్చి ఆగింది. చక్రాల పక్కనించి బరువైన బూట్లు వెళ్లాయి, తిరిగొచ్చాయి. రెండు బూట్ల మధ్య ఈడ్చుకుపోతున్న పరుపు అంచు కనిపించింది. ఆ వెనకే ఇంకో పరుపు.

“హెడ్‌లుండ్ బండి, ఆ బూట్లు అతని డ్రైవరువి” అంది గున్వోర్. “ఖాళీ చేస్తున్నారు.”

టిండ్రా అప్పటికే తలుపు దగ్గరుంది. రోలాండ్ ఆమె చెయ్యి పట్టి ఆపాడు. యూనిఫాం కనిపిస్తే అతను తలుపేసుకుంటాడు, లోపలివాళ్లు భయంతో కిక్కురుమనరు, మనం మెట్ల మీద నిలబడి ప్రాసిక్యూటర్ ఫోను కోసం ఎదురుచూస్తుంటాం అన్నాడు. ఆ మాటా నిజమే. తమ కారుని రోలాండ్ బేకరీ సందులో పెట్టాడు కాబట్టి ఇంకా వాళ్ల కంట పడలేదు. ఉన్న అదృష్టం అదొక్కటే.

ఆమె తనంతట తాను కిందికి రావాలి. ఒంటరిగా రావాలి. ఇప్పుడే రావాలి. బిళ్లేమో పని చేయదు.

టిండ్రా చేతిలో ఇంకా ఆ జల్లెడ ఉంది. దాన్ని చూసింది. గున్వోర్‌ని చూసింది.

“గున్వోర్ గారూ, మీరు పైకెళ్లి తలుపు కొట్టాలి. జల్లెడ శుభ్రం చెయ్యకుండా ఎక్కడికీ పోవడానికి వీల్లేదని ఆ హెడ్‌లుండ్‌ని నిలదియ్యాలి.”

“నేనా? తలుపు కొట్టాలా?” కాల్పులు జరుగుతున్న చోటికి వెళ్లమన్నట్టు అడిగింది గున్వోర్. ఇన్నేళ్లలో ఈ బిల్డింగులో ఆమె ఎవరి తలుపూ కొట్టలేదు.

“అతను తప్పించుకుపోయే తొందర్లో ఉన్నాడు టిండ్రా, జల్లెడ కడుగుతూ కూచుంటాడా?” అన్నాడు రోలాండ్.

“అతను మన ఊరివాడు రోలాండ్. ఇలాంటి బిల్డింగులోనే పుట్టి పెరిగుంటాడు. లాండ్రీ పెద్ద గుమ్మంలోకొచ్చి నిలబడి జల్లెడ కడగమంటే నువ్వైతే కాదనగలవా?”

రోలాండ్ గున్వోర్‌కి దారిచ్చి పక్కకి జరిగాడు.

గున్వోర్ జల్లెడలోని తెల్ల నూగంతా దోసిట్లోకి తీసుకుంది. పదో తరగతి పిల్లాడి తప్పుల పేపరు పట్టుకెళ్లినట్టు దాన్ని ముందుకు చాచి పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

టిండ్రా సెల్లార్ మెట్ల మలుపులో గోడకి అతుక్కుని నిలబడింది. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు. మూడో అంతస్తులో అడుగులు ఆగాయి. వెనక్కి వచ్చేస్తుందనుకుంది. అప్పుడు టక టక టక అని మూడు దెబ్బలు. తలుపు తెరుచుకున్న చప్పుడు.

ఆ తర్వాత వినిపించిన గొంతు తరగతి గది మొత్తాన్ని నిశ్శబ్దం చేసే గొంతు. మెట్ల గదంతా మోగింది.

“ఇది నీ దుమ్ము.”

హెడ్‌లుండ్ ఏదో గొణిగాడు. ఖాళీ చేస్తున్నామని, తొందర్లో ఉన్నామని.

“ఖాళీ చేసేవాళ్లయితే మరీ ముందు శుభ్రం చెయ్యాలి. ఇంతమంది వాడుకునే మిషన్ని ఇలా వదిలేసి పోయే మనిషివా నువ్వు?”

టిండ్రా పక్కన రోలాండ్ పెదాలు మాత్రం కదుపుతూ, పడ్డాడు, పడ్డాడు, అంటున్నాడు.

“కాదు కాదు. తప్పే. క్షమించండి. ఇప్పుడే ఎవరినైనా పంపిస్తా” అంది హెడ్‌లుండ్ గొంతు. నిజంగానే సిగ్గుపడ్డ గొంతు. మనుషుల్ని గదిలో కుక్కి దాచినవాడికి మిషన్ జల్లెడ దగ్గరకొచ్చేసరికి సిగ్గు ముంచుకొచ్చింది. టిండ్రా ఆ ముక్క తలుచుకుని నవ్వాలో ఏడవాలో తెలీక, పరుగున లాండ్రీ గదిలోకెళ్లి ఆరేసిన దుప్పట్ల వెనక దూరింది.

బకెట్ పట్టుకుని దిగి వచ్చింది ఆ ఆడమనిషి. ముప్పై దాటి ఉండవు. నెత్తికి పూల గుడ్డ కట్టుకుంది. పాదాలకి మగవాళ్ల చెప్పులు. తలుపు మూసుకోగానే టిండ్రా దుప్పటి పక్కకి జరిపింది.

ఆమె పారిపోలేదు. యూనిఫాం చూసి బకెట్‌ని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది, అంతే. టిండ్రా తన పేరు చెప్పింది. నీ పేరేంటని అడిగింది. జుల్‌హుమార్ అంది ఆమె. ఉజ్బెకిస్తాన్ నించి వచ్చానంది. పక్కింటి గోడ అవతల టీవీ విని నేర్చుకున్న భాష, ముక్కలు ముక్కలుగా వస్తోంది.

అన్నీ బాగైపోతాయని చెప్పేస్తే పని తేలిక. కానీ అది అబద్ధమైతే?

“జుల్‌హుమార్, విను. నిన్ను ఇక్కడే ఉండనిస్తామని నేను మాటివ్వలేను. అది నా చేతుల్లో లేదు. తర్వాత నీకు కష్టం కూడా రావచ్చు. కానీ పైన ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి ఉంటే, ఆ ఒక్క మాట నువ్వు చెప్పు చాలు. ఇప్పుడే వెళ్తా. ఎవరినీ అడగక్కర్లేదు.”

బయట వ్యాను ఇంజను మొదలైంది. జుల్‌హుమార్ కిటికీ వైపు చూసింది. చక్రాల పక్కన బూట్లు. మళ్లీ టిండ్రా వైపు చూసింది. టిండ్రాకి ఆమె లెక్క వేసుకోవడం కళ్ల ముందు కనిపిస్తోంది. చెప్తే ఏం పోతుంది, చెప్పకపోతే ఏం పోతుంది.

“మా తమ్ముడు” అంది. “దోనియర్. పైనించి పడ్డాడు. కాలు. ఇప్పుడు ఒళ్లు నిప్పు. కాలు వాసన.”

టిండ్రా ఒక్కో అంగకి మూడేసి మెట్లెక్కింది. వెళ్తూనే రేడియోలో అంబులెన్స్ అడిగింది. వెనకాల రోలాండ్ బయటి తలుపు దాటి వ్యాను వైపు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని ఆ రోజే తెలిసింది. మూడో అంతస్తు గుమ్మంలో హెడ్‌లుండ్ చేతిలో చీపురుతో నిలబడి ఉన్నాడు. పోలీసుని చూసి, జల్లెడ కోసం పంపించానండీ, అన్నాడు. ఇంకా అందులోనే ఉన్నాడు పాపం. టిండ్రా అతన్ని భుజంతో పక్కకి నెట్టి లోపలికి వెళ్లింది.

గదిలో మంచాల్లేవు, పరుపుల్లేవు. గోడ పొడవునా మగవాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని వరసగా కూచుని ఉన్నారు. ఆమె టోపీ చూడగానే ఒకడు లేచి బాల్కనీ తలుపు లాగి రెయిలింగ్ మీదికి కాలేశాడు. కింద గడ్డకట్టిన నేల. టిండ్రా అక్కడే ఆగిపోయింది. ఒక్క అడుగు ముందుకేస్తే దూకేస్తాడు. ఆమె భుజం పక్కనించి, వెనకే వచ్చిన జుల్‌హుమార్ గొంతు దూసుకొచ్చింది, వాళ్ల భాషలో, తల్లి పిల్లాణ్ణి గదమాయించే స్వరంలో. వాడు ఏడుపు మొహంతో కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అడిగితే, దిగరా వెధవా, దోనియర్‌ని మోయడానికి మనుషులు కావాలి అన్నానని చెప్పింది.

దోనియర్ వంటింట్లో, పొయ్యి పక్కన నేల మీద ఉన్నాడు. మీసాలు అప్పుడే మొలుస్తున్న మొహం, చెమటతో తడిసి మెరుస్తోంది. మోకాలి కింద తువ్వాళ్ల కట్టు. గది నిండా ఆ వాసన. టిండ్రా మోకాళ్ల మీద కూచుని మెడ దగ్గర వేళ్లు పెట్టింది. నాడి ఉంది. గబగబా, చిన్నగా, పిట్ట గుండెలా కొట్టుకుంటోంది.

“ఉన్నాడు” అంది. రెండుసార్లు అంది, జుల్‌హుమార్‌కి అర్థమయ్యేదాకా.

స్ట్రెచర్‌ని మెట్ల మీంచి దించేటప్పుడు బిల్డింగులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. లెన్నార్ట్ గారు పైజామాలోనే వచ్చి రెయిలింగ్ పక్కకి ఒదిగి దారిచ్చాడు. కవలపిల్లల తల్లి తన కోటు తెచ్చి జుల్‌హుమార్ భుజాల మీద వేసింది. గున్వోర్ కింద గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి ఇంకా తెల్ల దుమ్ము.

“నేనే తాళం వేశా” అంది జుల్‌హుమార్‌తో. “తెలీక వేశా.”

“ఎదురుచూశా, పెద్దక్కా” అంది జుల్‌హుమార్. “నువ్వు తిట్టడానికి వస్తావని.”

గున్వోర్ చేయి చాచి, ఆమె కోటు బొత్తాలు పెట్టింది, ఒక్కొక్కటే, కింది నించి పై దాకా.

బయట హెడ్‌లుండ్, అతని డ్రైవరూ ఇంకో పోలీసు కారు వెనక సీట్లో ఉన్నారు. రోలాండ్ వ్యాను తాళాలు జేబులో వేసుకుని వచ్చాడు. పద్ధతి ప్రకారం అందర్నీ స్టేషన్‌కి తీసుకెళ్లాలి, ఈమెని కూడా. టిండ్రా అడగకముందే ఆయన అంబులెన్స్ వైపు గడ్డంతో చూపించాడు. ఒక పోలీసు తోడుంటే ఆమె ఎక్కడున్నా మన దగ్గరున్నట్టే, ఎక్కు, అన్నాడు.

బండి కదిలింది. నర్సు సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తూ, కాలు సంగతి ఆసుపత్రిలో తేలుతుంది, ప్రాణానికి మాత్రం ఫరవాలేదు, రేపటిదాకా ఆగుంటే కష్టమయ్యేది అంది. టిండ్రా ఆ మాటని విడమర్చి, మెల్లగా, చేతులతో కూడా చెప్పింది. జుల్‌హుమార్ తమ్ముడి పాదాన్ని దుప్పటి మీంచే పట్టుకుంది.

“తర్వాత నేను?” అని అడిగింది.

ఇదే టిండ్రా భయపడ్డ ప్రశ్న. ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఇలా మోసపోయి చిక్కుకున్నవాళ్లు నిదానంగా ఆలోచించుకోవడానికి కొన్నాళ్లు ఉండనివ్వమని అడగొచ్చు. ప్రాసిక్యూటర్ అడుగుతారు. తను వెంటపడి అడిగిస్తుంది. దాని తర్వాత ఏమవుతుందో తనకి తెలీదు.

“తెలీదు” అని తిరిగి అంది జుల్‌హుమార్, ఆ మాట రుచి చూస్తున్నట్టు. “హెడ్‌లుండ్ అన్నీ తెలుసు అనేవాడు. మాట్లాడితే తమ్ముడు ఇక్కడే చస్తాడు అనేవాడు.”

ఆమె తమ్ముడి మొహం వంక చూసింది. ఆక్సిజన్ మాస్కులో అతని ఊపిరి పొగలా వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. అలా కాసేపు చూసి, కోటు చేతులు పైకి మడుచుకుని, పనిలోకి దిగే మనిషిలా సర్దుకుని కూర్చుంది.

“ఇంకో ఇల్లు ఉంది” అంది. “సరస్సు పక్క. పడవల షెడ్డు. అక్కడ కూడా మనుషులు. ఈ పరుపులన్నీ అక్కడికే. దారి నాకు తెలుసు.”

టిండ్రా చేయి అప్పటికే రేడియో మీదుంది. మీట నొక్కి రోలాండ్‌ని పిలిచింది. వింటున్నా చెప్పు, అన్నాడు ఆయన. టిండ్రా మైకుని తన నోటి దగ్గర్నించి తీసి, జుల్‌హుమార్ నోటి ముందు పెట్టింది.